తలుపు వెనక ఇస్బెర్

మీనా అనే రేవు ఊళ్ళో ఇస్బెర్ ఇల్లెక్కడని అడిగితే ఏ ఇస్బెర్ అంటారు. సైతాను ఇస్బెర్ అని అడగండి, పాలు మరవని పిల్ల కూడా చెయ్యి చూపిస్తుంది. చేపల పడవల్ని ఒడ్డుకు లాగి బోర్లించిన చోట, చెక్కల సందుల్లో పత్తి కూరి పైన తారు పూస్తూ యాభై రెండేళ్ళ మనిషొకడు కూర్చుని ఉంటాడు. వెడల్పు భుజాలు, పొదుపు మాటలు. ఈగను కూడా విసుక్కోని మనిషి. సైతాను లక్షణం మచ్చుకైనా కనపడదు, నోరు తెరిచి గట్టిగా మాట్లాడేదాకా. ఆ గొంతు మాత్రం నూతిలోంచి వచ్చినట్టుంటుంది.

ఆ పేరు తెచ్చింది ఆ గొంతే. ఈస్టరు ఆదివారం తెల్లవారకముందే మీనా చర్చిలో దీపాలన్నీ ఆర్పేసి, జనమంతా కొవ్వొత్తులు పట్టుకుని బయట ఆవరణలోకి వస్తారు. లోపల ఒకే ఒక్కడు మిగిలి గడియ వేసుకుంటాడు. వాడు ఆ పూటకి నరకం కాపలాదారు, అంటే సైతాను. ఫాదర్ బాసిల్ చేతిలో శిలువతో తలుపు బాది, రాజు వచ్చాడు తెరవమని కేకవేస్తాడు. ఎవరా రాజు అని లోపలివాడు గద్దించాలి. మూడు సార్లు బాదుడు, మూడు సార్లు గద్దింపు. ఆ తర్వాతే తలుపులు తెరుచుకుంటాయి, పాట అందుకుంటారు, పండగ మొదలవుతుంది. ఇస్బెర్ మూడోసారి గద్దించేసరికి చంకలోని పిల్లలు గుక్కపట్టి ఏడవాలి. ఏడవని ఏడు పండగ పండగలా లేదని ముసలమ్మలు సణుగుతారు.

పదేళ్ళుగా ఆ పని ఇస్బెర్‌దే. సైతానుకి పిల్లనెవరిస్తారని కాఫీ కొట్టు దగ్గర వేళాకోళం చేస్తారు, పెళ్ళి కాలేదు కదా మరి. వాడు నవ్వి ఊరుకుంటాడు. అదేదో సరదాపడి చేస్తున్నాడని ఊరంతా అనుకుంటుంది. సరదా లేదు, పాడూ లేదు. తలుపు బాదే ముందు ఆవరణలో జనం ఒకరి చెంప మీద ఒకరు ముద్దు పెట్టుకుని, పాతవన్నీ మరిచిపొమ్మని అడుక్కుంటారు. ఏడాదంతా మొహమొహాలు చూసుకోని వదినామరదళ్ళు కూడా ఆ పూట కళ్ళు తుడుచుకుంటారు. తలుపు వెనక ఉన్నవాడికి ఆ బాధ లేదు. వాడు ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. అందుకే ఇస్బెర్ లోపలుంటాడు.

అడగాల్సినది చాలానే ఉంది. వాడి చెల్లెలు నజ్లా ఇరవై మూడేళ్ళప్పుడు మిస్బాహ్‌ను చేసుకుంది. పక్కనే ఉన్న ట్రిపోలీ పాతబజారులో పరుపులూ బొంతలూ కుట్టే ముసల్మాను అతను. మంచివాడే. మంచివాడో కాదో ఎవరడిగారు కనక! తండ్రి లేని ఇల్లు, పెద్దదిక్కు ఇస్బెర్, పరువంతా తన నెత్తినే ఉందనుకున్నాడు. ఆ పిల్ల మళ్ళీ గడప తొక్కడానికి వీల్లేదన్నాడు. తల్లి వర్దే అడ్డు చెప్పలేదు, ఔననీ అనలేదు. కొడుకు రేవుకి పోయాక కిటికీ దగ్గర కూర్చునేది.

ఆ తర్వాత రెండేళ్ళకి వర్దే మంచం పట్టింది. ఆ కబురు ఎవరు మోశారో, ఈస్టరు ముందటి శనివారం మధ్యాహ్నం నజ్లా వచ్చింది. సందంతా ఖాళీ. ఖర్జూరం కూరిన రవ్వ బిళ్ళలు పళ్ళాలకెత్తుకుని ఆడవాళ్ళందరూ రొట్టెల బట్టీకి వెళ్ళారు. తలుపు తట్టిన చప్పుడు విని, ఎవరదీ అని అరిచాడు ఇస్బెర్. ఎవరో తెలిసే అరిచాడు, కిటికీలోంచి చూశాడు కనక. తలుపు బెత్తెడు తీసి, అమ్మ నీ మొహం చూడనంటోంది వెళ్ళిపొమ్మన్నాడు. చెల్లెలు తిరిగి వెళ్ళిపోయింది. లోపల తల్లికి మాత్రం ఎవరూ రాలేదన్నాడు.

పండగ వెళ్ళిన మంగళవారం వర్దే పోయింది. కూతురి మొహం చూడకుండానే పోయింది.

ఒక్క నోటితో ఇద్దరి గొంతులు కోశాడు. చేసినప్పుడు అంత పెద్ద పనని తోచలేదు. కోపంలో ఉన్నవాడికి ఏం తోస్తుంది! సమాధి మూశాక తోచింది. అప్పట్నుంచి తనను తాను సముదాయించుకునే ఉపాయమొకటి కనిపెట్టాడు. చెల్లెలు నన్నే తిట్టుకుంటుంది, తిట్టుకోనీ, నాకు తగినదే అనుకునేవాడు. తిట్లు తన మీదున్నంతకాలం ఏదో శిక్ష పడుతున్నట్టే ఉండేది. రాత్రి అన్నం సహించేది.

ఈ ఏడు పండగ ముందటి శనివారం పొద్దున ఆ ఉపాయం కాస్తా ఊడిపోయింది. పక్కింటి ఉమ్ దీబ్ కాఫీకి పిలిచింది. వర్దే చివరి రోజుల్లో తడిగుడ్డతో నుదురు తుడుస్తూ మంచం దగ్గరే కూర్చున్న మనిషి ఆవిడ. పండగకి ఎర్రరంగు ఎక్కాలని ఉల్లితొక్కల నీళ్ళలో గుడ్లు ఉడకబెడుతూ, గరిటె తిప్పుతూ మొదలుపెట్టింది.

"ఒరే ఇస్బెరూ, నిన్న బజార్లో మీ నజ్లా కనపడిందిరా. ఎన్నేళ్ళకో! కడుపుమంట ఆపుకోలేక అడిగేశాను, మీ అమ్మ పేరున ఒక్క కొవ్వొత్తయినా వెలిగించావుటే అని. ఏమందో తెలుసా? నా మొహం చూడనన్న మనిషికి నేనెందుకు వెలిగించాలి పిన్నీ, అంది."

ఇస్బెర్ కాఫీ గిన్నె కింద పెట్టాడు.

"మీ అమ్మ ఆ మాట అంటుందిట్రా? దాని పేరు కలవరిస్తూ పోయింది కదరా పిచ్చితల్లి. దానికి ఆ మాట చేరేసిన వాడెవడో గానీ, వాడి నోరు పడిపోను."

కాఫీలో యాలకులు ఎక్కువయ్యాయి పిన్నీ అని లేచొచ్చాడు ఇస్బెర్.

ఆ రోజంతా కాలు కాలిన పిల్లిలా రేవు ఈ కొస నుంచి ఆ కొసకి తిరిగాడు. చెల్లెలు తనను తిట్టుకోవడం లేదు. తల్లిని తిట్టుకుంటోంది. కిటికీ దగ్గర కూర్చుని కూర్చుని కళ్ళు కాయలు కాసిన తల్లిని, మట్టిలో పడుకుని సంజాయిషీ చెప్పుకోలేని దాన్ని. తన మీద పడుతున్నాయనుకున్న రాళ్ళన్నీ ఇన్నేళ్ళూ ఆవిడ సమాధి మీద పడుతున్నాయి. ఛీ, నాదీ ఒక బతుకేనా అనుకున్నాడు. నిజం చెప్పాలంటే ట్రిపోలీ ఎంత దూరం? గంట నడక. ఏ మొహం పెట్టుకుని నడవాలన్నదే తేలలేదు. సాయంత్రం దాకా ఒకే పడవకి తారు పూశాడు, పూసిన చోటే మళ్ళీ పూశాడు. పడవ యజమాని వచ్చి, నా పడవని కొలిమిలోంచి తీశావా ఏమిట్రా ఇంత నల్లగా ఉందని ఎగతాళి చేసినా తలెత్తలేదు.

ఆదివారం తెల్లవారుజామున అలవాటు ప్రకారం చర్చిలోకి వెళ్ళాడు. దీపాలారాయి, జనం బయటకి నడిచారు. గడియ వేసుకుని నిలబడ్డాడు. బయట పాట ఆగింది. ముద్దుల చప్పుడూ, ముక్కు చీదుళ్ళూ వినపడ్డాయి. ఎవరో ఆడమనిషి, తప్పయిపోయింది వదినా అని అంటోంది. అది కూడా వినపడింది.

తలుపు మీద శిలువ దబ్బున పడింది. రాజు వచ్చాడు తెరవమని ఫాదర్ బాసిల్ కేకవేశాడు.

ఇస్బెర్ నోరు తెరిచాడు. ఎవరా రాజు అనాలి. వచ్చిందెవరో తెలుసు. తెలిసీ ఎవరదీ అనాలి. పదేళ్ళు అన్నాడు, ఊరంతా మెచ్చుకుంది. ఇవాళ ఆ మాట నాలిక మీదికి వచ్చేసరికి నోరు మూసుకున్నాడు. ఫాదర్ మళ్ళీ బాదాడు, ఈసారి కొంచెం అనుమానంగా. లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు. సైతాను నిద్రపోయాడురా అన్నారెవరో, పిల్లలు కిసుక్కుమన్నారు.

ఇస్బెర్ గడియ లాగేశాడు.

రెండు రెక్కలూ భళ్ళున తెరుచుకున్నాయి. పాటగాళ్ళు ఇంకా పుస్తకాల్లో పేజీ వెతుక్కుంటున్నారు. ఫాదర్ బాసిల్ శిలువ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది, మూడో దెబ్బ ఎక్కడ వెయ్యాలో తెలియక. ఆ ఊళ్ళో ఎవరని అడక్కుండా తలుపు తెరిచిన సైతాను ఇంతకుముందు లేడు. నరకానికి ఈ ఏడు సెలవిచ్చారా అని వెనకనుంచి ఎవడో అన్నాడు, నవ్వులు లేచాయి. ఫాదర్‌కి మాత్రం నవ్వు రాలేదు. గొంతు తగ్గించి, ఏమైందిరా నీకు, పండగ పూట పరువు తీశావు అన్నాడు.

"వచ్చిందెవరో తెలిసి కూడా అడగలేనండి ఫాదర్" అన్నాడు ఇస్బెర్. జనం లోపలికి వస్తుంటే వాడు భుజాలతో తోసుకుంటూ బయటికి నడిచాడు.

ట్రిపోలీ చేరేసరికి ఎండ వచ్చింది. పాతబజారులో దుకాణాలు ఇంకా తెరుస్తున్నారు. పత్తి ఏకేవాళ్ళ సందులో మిస్బాహ్ ఇల్లు చెప్పించుకుని తలుపు ముందు నిలబడ్డాడు. తట్టడానికి చెయ్యి రాలేదు. ఎంతసేపు నిలబడేవాడో గానీ, చెత్త పారబొయ్యడానికి మిస్బాహే తలుపు తీశాడు. మనిషిని చూసి ఒక్క క్షణం తెల్లబోయాడు. వెంటనే తేరుకుని, పండగ శుభాకాంక్షలు బావగారూ, లోపలికి రండి అన్నాడు.

బావగారు! పదమూడేళ్ళలో ఇస్బెర్ ఆ మనిషిని పేరు పెట్టి కూడా పిలవలేదు. లోపలికి వెళ్ళాక కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గూట్లో గిన్నెనిండా ఎర్రటి గుడ్లున్నాయి, ఉల్లితొక్కల రంగువే. నజ్లా తడిచేతులు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. జుట్టు అప్పుడే నెరుస్తోంది. అన్నను చూసి ఎవరు పోయారని అడిగింది.

ఎవరూ పోలేదన్నాడు. దోవ పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలియలేదు. చివరికి ఉన్నదున్నట్టు అనేశాడు.

"అమ్మ నీ మొహం చూడనని అనలేదు. అది నేను కల్పించాను."

మిస్బాహ్ పొయ్యి మీద కాఫీ పెట్టబోయి ఆగిపోయాడు. నజ్లా తిట్టలేదు, ఏడవలేదు. ఇలా అడిగింది.

"మరి ఏమంది?"

"నిన్ను పిలవమంది. చాలాసార్లు అంది."

"అలా కాదు. నీ మాట నాకొద్దు. ఆ రోజు ఆవిడ ఏమందో, అన్నది అన్నట్టు చెప్పు."

ఆ మాటలు మరిచిపోతే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నాడో. ఒక్క అక్షరం మరిచిపోలేదు. ఊరంతా దద్దరిల్లే ఆ గొంతు పిల్లిపిల్ల గొంతంత అయింది.

"నువ్వు వెళ్ళాక, తలుపు తట్టింది మన నజ్లాయే కదరా, దాని చెయ్యి నాకు తెలీదూ, అంది."

నజ్లా గుమ్మం పట్టుకుంది. "నువ్వేమన్నావు?"

"ఎవరూ రాలేదు, గాలి అన్నాను."

"ఆవిడ?"

"గాలయితే తలుపు తీసి ఉంచరా, రానీ, అంది."

మిస్బాహ్ మొహం తిప్పుకున్నాడు. నజ్లా రెండడుగులు ముందుకొచ్చి అన్న మొహంలోకి చూసింది.

"తీశావా?"

ఇస్బెర్ తల అడ్డంగా ఊపాడు. తల ఊపితే కుదరదు, నోటితో చెప్పమంది.

"తీయలేదమ్మా" అన్నాడు.