టవలు కింద అమ్మిన మనిషి

ఒక దేశాధ్యక్షుణ్ణి అమ్మినవాణ్ణి నేను. మా వీధిలో పుచ్చిన కందులను మేలురకమని ఒప్పించి అమ్మిన ఘనులున్నారు. ఇంత పెద్ద సరుకు మాత్రం ఎవరి చేతిలోనూ పడలేదు. అదీ ఎంతకు? ఒక సీలింగ్ ఫ్యానుకు. నా బేరం తెలివి అలాంటిది. ఏళ్ల తరబడి ఈ మూట మోస్తున్నాను. దించుకునే అరుగు దొరకలేదు. మీరు నన్నెరగరు కనుక మీ ముందు దించుతున్నాను.

అప్పటికి ఆయన అధ్యక్షుడు కాడు. ఆఫ్రికా నుంచి కర్నూలుకు చదువుకోవడానికి వచ్చిన విద్యార్థి. వేరుశనగ కాయలు కొనడానికి మా అంగడికి వచ్చి, నాతో బేరమాడి, స్నేహితుడయ్యాడు. ఒకసారి నందికొట్కూరు వైపు ఎడ్ల సంతకు వెంట తీసుకెళ్లాను. అక్కడ ధర నోటితో చెప్పరు. టవలు కింద చేతులు కలిపి వేళ్లు పట్టుకుంటారు. ఎన్ని వేళ్లు, ఎంత ధర అన్నది ఆ ఇద్దరికే తెలుస్తుంది. ఆ విద్య ఆయనకు నేనే నేర్పాను. మా మామ కోసం నేను ఆడుతున్న బేరం తెగకపోతే, ఆయన సరదాగా చెయ్యి పెట్టాడు. తెగింది.

“ఏమప్పా శెట్టీ, పొద్దుట్నుంచి నువ్వు పిసుకుతాండావు, ఆయప్ప ఒక్క తూరికే తెగ్గొట్టినాడే!” అన్నాడు దళారి.

“నాదేముండాదన్నా, నేర్పింది ఈయప్పే,” అన్నాడాయన, అచ్చం మా యాసలో.

“అట్లయితే గురువు మూట గట్టుకోవాల, శిష్యుడు అంగట్లో కూర్చోవాల!”

సంతంతా నవ్వింది. నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా.

తరువాతి ఏడాది ఆయన దేశాన్ని ఒక సైన్యాధికారి చేజిక్కించుకున్నాడు. ఇక్కడి నుంచే అతణ్ణి విమర్శించాడని ఈయన పాస్‌పోర్టు రద్దు చేశారు. పట్టుకుపోవడానికి ఆ అధికారి మనుషులు వచ్చారు. అంగడి మీది రేకుల గోదాములో నేనే దాచాను. మధ్యాహ్నాలు గోనెసంచుల మీద పడుకునేవాళ్లం. రేకుల చిల్లుల్లోంచి దిగే వెలుగులో వేరుశనగ పొట్టు తేలుతుంటే, ఆయన తన ఊరి నది గురించి చెప్పేవాడు. బయట తుంగభద్ర ఇసుకై పడి ఉండేది. గదిలో మాత్రం నాకు నీళ్ల చప్పుడు వినిపించేది. ఇప్పటికీ కలలో వినిపిస్తుంది. ఆ నీటి మీద గోనెసంచులు పడవల్లా కదులుతుంటాయి.

ఒకరోజు ఎడ్ల సంత దళారే, ఆయన కోసం వెతుకుతున్న ఒక కొత్త మనిషిని వెంటబెట్టుకుని అంగడికి వచ్చాడు. నా చేతి మీద టవలు కప్పాడు. ఒక వేలు పట్టుకున్నాడు. తల అడ్డంగా ఊపాను. ఇంకో వేలు. మళ్లీ ఊపాను. మూడోది పట్టుకోగానే నా కళ్లు పైకి లేచాయి, గోదాము వైపు. అంతే. నోరు విప్పలేదు కదా, అని ఎన్నేళ్లు వాదించుకున్నాను! దుడ్ల కోసమే చేశానా? దుకాణదారుడి కొడుకుని, అంత తక్కువకు ఒప్పుకుంటానా? చెవుల్లో అప్పుడు సంత నవ్వుతోంది.

వాళ్లు పట్టుకుని దింపుతుంటే, మెట్ల కింద ఆయన నా దగ్గర ఆగాడు. “భయపడొద్దప్పా. నన్ను దాచినోడు నువ్వని యాడా చెప్పను.”

చెప్పలేదు. తన దేశంలో వేసిన జైలు నుంచి బయటికొచ్చి, పార్టీ పెట్టి, ఓడి, మళ్లీ నిలబడి గెలిచిన ఆయన ప్రమాణం చేస్తుంటే ఫోనులో చూశాను. ఎత్తిన కుడిచేతికి రెండు వేళ్లు లేవు. జైల్లో పోయాయట. ఆయన లోపలుండగానే తల్లి పోయిందట. ఒక ఇంటర్వ్యూలో నవ్వుతూ, బేరమాడటం ఇండియాలో ఒక మిత్రుడు నేర్పాడన్నాడు. ఆ మిత్రుణ్ణి నేనేనని తెలిశాక టీ అంగడిలో నా దగ్గర డబ్బు తీసుకోవడం లేదు.

నేను పట్టివ్వకపోతే జైలు లేదు, జైలు లేకపోతే పదవి లేదు అని కొన్నాళ్లు లెక్క కట్టాను. అది దొంగ తూకం. గెలిచింది ఆయన, అందులో నాకు వాటా లేదు.

ఆ మూడు వేళ్ల దుడ్లతో నాకు వచ్చింది ఒక ఫ్యాను. తలమీద ఇంకా తిరుగుతోంది. ఆయనకు పోయినవి వయసు, తల్లి చివరిచూపు, నేను బేరం నేర్పిన చేతిలో రెండు వేళ్లు. ఇదీ బిల్లు. తగ్గించమని అడగను.