సామర్లకోట తమ్ముడి పేరు

పోయిన వారం మా అమ్మాయికి స్కూల్లో క్విజ్ పోటీ అంటే, టీచరు గారు వాట్సాప్‌లో పంపిన ప్రశ్నలు ప్రింటు తీయించి, సాయంత్రం వంట చేసుకుంటూ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తున్నాను. ఐదో తరగతి పిల్లకి రెండో ప్రపంచ యుద్ధం ఎందుకో నాకు తెలియదు గానీ, ఓ పది ప్రశ్నలు ఆ యుద్ధాన్ని మలుపు తిప్పిన పోరాటాల మీదే ఉన్నాయి. స్టాలిన్‌గ్రాడ్ అంది, మిడ్‌వే అంది, ఎల్ అలమీన్ దగ్గర నాలుక తిరక్క రెండుసార్లు నవ్వింది. ఆ తరవాత కాగితం మొహానికి దగ్గరగా పెట్టుకుని, "అమ్మా, టెన్నిస్ కోర్టు మీద జరిగిన యుద్ధం ఏది అంట. ఇది జోకు క్వశ్చనా?" అని అడిగింది. మాడుతున్న పోపు దింపి పక్కన పెట్టాను. కోహిమా అని చెప్పాను. నీకెలా తెలుసంటే, మీ ముత్తాత అక్కడ ఉన్నారని మాత్రం చెప్పి ఊరుకున్నాను. మిగతాది పిల్లకి చెప్పే ముందు నా ఈడువాళ్ళకి చెప్పుకుంటే మేలనిపించి, ఇవాళ అది పడుకున్నాక ఇలా రాస్తున్నాను.

మా అమ్మ వాళ్ళ నాన్న రామచంద్రపురం దగ్గర పల్లెలో కాంపౌండరు. ఇంజక్షను ఇస్తే దోమ కుట్టినట్టు కూడా ఉండదని చుట్టుపక్కల పేరు. నాకు ఊహ తెలిసేసరికే డెబ్భైకి దగ్గర పడ్డారు గానీ, వీపు మాత్రం వంగలేదు. ఆ నిటారుతనం మిలటరీలో వచ్చిందని అమ్మమ్మ అనేది. జపానువాళ్ళు సింగపూరు తీసుకున్నారు, రంగూను తీసుకున్నారు, అప్పటికీ ఆ సంగతి మా పల్లెలో ఎవరికీ పెద్దగా పట్టలేదట. కాకినాడ మీద బాంబులు పడి, జనం ముంతా చేటా నెత్తిన పెట్టుకుని మా కాలవగట్ల వెంట నడిచి వచ్చినప్పుడే యుద్ధం అంటే ఏమిటో తెలిసిందట. తాతయ్య సైన్యంలో చేరింది ఆ తరవాతే. తుపాకీ కాదు, గాయపడ్డవాళ్ళని మోసి కట్లు కట్టే పని.

ప్రతి ఏడూ ఏప్రిల్లో, మంచి ఎండల్లో, తాతయ్య ఇంట్లో కృతజ్ఞత కూడిక జరిగేది. మా చర్చిలో ఎవరికి ఏ గండం గడిచినా ఆ రోజు గుర్తుపెట్టుకుని, పాస్టరు అయ్యగారిని, పదిమందిని పిలిచి, పాట పాడి, దేవుడి మేలు గురించి సాక్ష్యం చెప్పి, కాఫీ, ఉప్మా పెట్టడం అలవాటు. తాతయ్య కూడికలో వింత ఏమిటంటే, ఉప్మా కంటే ముందు వచ్చినవాళ్ళందరికీ తలో అరగ్లాసు మంచినీళ్ళు ఇచ్చేవారు. నిండుగ్లాసు అడిగినా ఇచ్చేవారు కాదు. పిల్లలం నవ్వుకునేవాళ్ళం. మా పెద్దమామయ్య, "మా నాన్న పొదుపు నీళ్ళ దగ్గర మొదలెట్టాడండి" అని అయ్యగారితో వేళాకోళం ఆడేవాడు. తాతయ్య కూడా నవ్వేసి, చివరి ప్రార్థనలో మాత్రం "ప్రభువా, ఆ సామర్లకోట తమ్ముణ్ణి జ్ఞాపకం చేసుకో" అనేవారు. ఆ తమ్ముడెవరని ఎవరమూ అడగలేదు. ప్రార్థనలో అలాంటి మాటలు ఎన్నో దొర్లిపోతుంటాయి కదా.

నేను రాజమండ్రిలో డిగ్రీ రెండో ఏడు, హిస్టరీ మెయిను. నాతోపాటు చదివినవాళ్ళకి తెలుసు, మన హిస్టరీ అంతా పరీక్షల ముందు కొనుక్కునే గైడులోనే ఉండేది, యుద్ధానికి మలుపులు మూడు, ఒక్కోదానికి ఆరు పాయింట్లు. ఆ ఏడే మా చర్చి కట్టి నూరేళ్ళయిందని సంచిక వేస్తూ, పెద్దల సాక్ష్యాలు కావాలన్నారు. తాతయ్యకి శుక్లాలు, రాయలేరు. చదువుకున్న మనవరాలిని నేనుండగా వేరెవరు రాస్తారు. రెండు ఆదివారాలు అరుగు మీద కూర్చుని ఆయన చెప్తుంటే, నేను నోటుబుక్కులో పెన్సిలుతో రాసుకున్నాను.

కోహిమా అనేది కొండ మీద ఊరు. జపానువాళ్ళు చుట్టూ కమ్మేసి, ముందు నీళ్ళ దారి తీసేసుకున్నారు. దొరగారి బంగళా వెనక టెన్నిస్ కోర్టుకి ఈ పక్కన తాతయ్యవాళ్ళు, ఆ పక్కన జపానువాళ్ళు, మధ్యలో ఆ ఆడుకునే చోటు. గాయపడినవాళ్ళు గోతుల్లో పడుకుని నీళ్ళు, నీళ్ళు అని అడిగేవారు. ఒక్కొక్కరికి రోజుకి అరగ్లాసు. ఆసుపత్రి వెనక సన్నటి ఊట ఒకటి దొరికితే, చీకట్లో పాకుతూ వెళ్ళి డబ్బాలు నింపుకొచ్చేవారు. తాతయ్యతోపాటు వెళ్ళే కుర్రాడు సామర్లకోట దగ్గరివాడు, తెలుగులో మాట్లాడుకోవడానికి అక్కడ ఆ ఒక్కడే. ఒక రాత్రి తాతయ్యకి జ్వరమొస్తే, "నీ వంతు కూడా నేనే తెస్తాలే అన్నా" అని ఒక్కడే వెళ్ళాడు. తెల్లారి డబ్బా దొరికింది, పక్కనే అతనూ దొరికాడు.

ఆ కుర్రాడు ఇంట్లో చెప్పకుండా పారిపోయి వచ్చినవాడు. తండ్రి వెతుక్కుంటూ వచ్చి లాక్కుపోతాడని భయపడి, సైన్యంలో పేరూ, ఇంటిపేరూ, ఊరూ అన్నీ మార్చి రాయించాడు. అసలు పేరు తాతయ్యకి ఒక్కడికే చెప్పి, "మా అమ్మకి నేనే వెళ్ళి చెప్పుకుంటాను, అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దు" అని ఒట్టు వేయించుకున్నాడు. తాతయ్య తిరిగొచ్చాక సామర్లకోట చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో లెక్కలేదు. ఆ కుటుంబం పనులు వెతుక్కుంటూ ఎటో పోయింది. ఆ తల్లికే చెప్పాలన్న పట్టుదలతో అరవై ఏళ్ళు ఆ పేరు ప్రార్థనలో కూడా పలకలేదు. ఇక తన రోజులూ దగ్గరపడ్డాయి, సంచిక జిల్లాలో ఉన్న చర్చిలన్నిటికీ వెళ్తుంది, ఆ వంశంలో ఎవరో ఒకరు చదవకపోరని, మొదటిసారి నాకు చెప్పారు. నెమ్మదిగా, ఇంటిపేరుతో సహా, రెండుసార్లు. రాసుకున్నాను.

ఇంటికొచ్చి గైడు తీశాను. కోహిమా లేదు. మా లెక్చరరు గారిని అడిగితే సిలబస్‌లో లేదమ్మా అన్నారు. తరవాతి ఆదివారం తాతయ్యతో వాదించాను కూడా. "టెన్నిస్ కోర్టు కోసం యుద్ధమేంటి తాతయ్యా, చదివినవాళ్ళు నవ్వుతారండి" అంటే, "నవ్వనీ అమ్మడూ, అక్కడున్నప్పుడు మాకూ నవ్వొచ్చేది" అన్నారు. సంచికవాళ్ళు ఇచ్చింది ఒక్క పేజీ. అందులో స్టాలిన్‌గ్రాడ్ మంచు, ఎల్ అలమీన్ ఇసుక, మిడ్‌వే ఓడలు అన్నీ పట్టించాను. అలాంటి మహా యుద్ధంలో మా తాతగారు క్షతగాత్రులకు సేవ చేసి, దేవుని కృపవల్ల క్షేమంగా తిరిగి వచ్చారని నాలుగు వాక్యాలు చివర చేర్చాను. కుర్రాడి సంగతి మొదట రాసి, పేజీ దాటిపోతుంటే కొట్టేశాను. పేరు సరిగ్గా రాశావా అని తాతయ్య కబురు పెడితే, అన్నీ సరిగ్గానే ఉన్నాయని కబురు పంపాను.

సంచిక పంచిన ఆదివారం చర్చి ఆవరణలో వేపచెట్టు నీడన పెద్దవాళ్ళందరూ కూర్చున్నారు. చదవమ్మా అంటే లేచి నిలబడి గట్టిగా చదివాను. "కాంపౌండరు గారూ, మనవరాలు కలెక్టరు అవుతుందండీ" అని ఒకాయన అన్నాడు. తాతయ్య తల ఒక పక్కకి వంచి వింటూనే ఉన్నారు. నేను ఆపాక కూడా అలాగే ఉండి, "వెనక ఇంకో పేజీ ఉందేమో చూడమ్మా" అన్నారు.

లేదన్నాను. ఒక్క పేజీయే ఇచ్చారనీ, మళ్ళీ సంచిక వేసినప్పుడు తప్పకుండా వేయిద్దామనీ అన్నాను. "నూరేళ్ళ సంచిక కదమ్మా, మళ్ళీ నూరేళ్ళకి గానీ వెయ్యరు" అన్నారు. అందులో కోపం లేదు. కోపం ఉంటే నేను ఆ సాయంత్రమే ఏడ్చి, ఏదో ఒకటి చేసి ఉండేదాన్నేమో. దారిలో మాత్రం, ఒట్టు కూడా తీసి గట్టు మీద పెట్టానే అని తనలో తను అనుకోవడం విన్నాను. పరీక్షలయ్యాక మళ్ళీ కూర్చుని, కరపత్రంలాగా వేయించి చర్చిలకి పంచుదామని మనసులో అనుకున్నాను. పరీక్షలు అయ్యాయి, నాకు సంబంధాలు చూడటం మొదలైంది, ఆ వానాకాలంలోనే తాతయ్య పోయారు. నా డిగ్రీ పుస్తకాలన్నీ, ఆ నోటుబుక్కుతో సహా, అమ్మ పాతకాగితాలవాడికి వేసేసింది, నేనే వేసెయ్యమన్నాను.

ఇప్పుడు పేరు గుర్తు లేదు. ఈ వారం రోజులుగా అమ్మకి ఫోను చేశాను, పెద్దమామయ్యకి చేశాను. సామర్లకోట తమ్ముడు అనడం తప్ప వాళ్ళకి ఏమీ తెలియదు. మొదటి అక్షరం 'స' అని ఒకసారి అనిపిస్తుంది, మర్నాటికి కాదనిపిస్తుంది. పిల్లకి వేసిన టీకాలు, జ్వరం ఎంత ఉంది, ఏ గంటకి మందు పట్టాను, ప్రతిదీ డైరీలో రాసుకునే నన్ను మా ఆయన అతిజాగ్రత్త అని ఆటపట్టిస్తారు. ఎందుకలా అయ్యానో ఆయనకి నేనెప్పుడూ చెప్పలేదు.

ఫోనులో వెతికితే కోహిమా గురించి ఎంత కావాలంటే అంత ఉంది. ఆ కోర్టు గీతలు ఇప్పటికీ సమాధుల మధ్య తెల్లగా కనపడుతున్నాయి. ఎవరు ఏ కొండ మీద ఉన్నారో, నీళ్ళు ఏ రోజున ఆగిపోయాయో, అన్నీ బొమ్మలు గీసి మరీ చూపిస్తున్నారు. నా కాలేజీ రోజుల్లో గైడులో ఒక్క ముక్క లేని యుద్ధం ఇప్పుడు ఐదో తరగతి పిల్లలకి ప్రశ్నగా వచ్చింది. తాతయ్య చెప్పిన ప్రతి మాటా నిజమని లోకమంతా ఒప్పుకుంది, నేను తప్ప ఇంకెవరూ చెప్పలేని ఒక్క మాటే దొరకడం లేదు. చనిపోయినవాళ్ళ జాబితాలు కూడా చూశాను. వాటిలో అతను ఉంటే దొంగపేరుతోనే ఉండాలి, ఆ దొంగపేరు ఏమిటో తాతయ్య నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. సామర్లకోట పక్కల నుంచి వెళ్ళి ఎక్కడో స్థిరపడిన ఒక ఇంట్లో ముసలివాళ్ళు ఇప్పటికీ, మా నాన్న తమ్ముడొకడు అలిగి ఇల్లు వదిలిపోయి మళ్ళీ మా మొహం చూడలేదు అని పిల్లలకి చెప్తూనే ఉండి ఉంటారు.