రంపానికి కింది పిడి

పెన్న పక్కన ఉన్న మా ఊరు కలప కోతతోనే ఏర్పడిందని నాయన చెప్పేవాడు. కొండల నుంచి బండ్ల మీద దుంగలు దిగేవి. కోసేవాళ్ళు వేసుకున్న గుడిసెలే పెరిగి ఊరయినాయి. నాకు ఊహ తెలిసేసరికి, యాభైల చివర్లో, చుట్టూ కాలవ కింద వరి మళ్ళే. కలప అడితీలు రెండే మిగిలాయి. ఒకదాంట్లో నాయనా, మా మేనమామా జోడీగా రంపం లాగేవాళ్ళు. గుంట మీద అడ్డంగా పెట్టిన దుంగపైన నాయన నిలబడితే, మామ గుంటలోకి దిగి కింది పిడి పట్టేవాడు.

ఒక వానాకాలం దుంగ జారి మామ మీద పడింది. బయటికి తీసేసరికే ప్రాణం లేదు. మర్నాడు చర్చి వెనక పూడ్చారు. ఆ తర్వాత ఆ గుంటలో దిగడానికి ఎవరూ ఒప్పుకోలేదు. నాయన రోజూ అడితీకి పోయి ఊరికే కూచుని వచ్చేవాడు. ఇంట్లో గంజి పలచబడింది.

ఒక పొద్దున అమ్మ కోక బిగించి కట్టుకుని, "కింద నేను లాగుతా" అనింది.

నాయన తల ఎత్తలేదు. "మీ అన్న పోయిన గుంట అది."

"తెలుసు. పైన నువ్వు జాగర్తగా నిలబడు."

ఆడమనిషి రంపం పట్టడమేమిటని అడితీ ఆయన గొణిగాడు గానీ, పలకలు తిన్నగా వస్తుంటే ఊరుకున్నాడు. మధ్యాహ్నం నేను సంగటి తీసుకుపోయేదాన్ని. గుంటలో అమ్మ జుట్టూ కనుబొమలూ రంపపు పొట్టుతో పసుప్పచ్చగా ఉండేవి. బళ్ళో పిల్లలు నవ్వుతున్నారని కొన్నాళ్ళు నేను వెనక సందులోంచి పోయాను. సాయంత్రం నాయన చెంబుతో నీళ్ళు పోసి ఆమె కళ్ళు కడిగేవాడు.

మూడో ఏడు అమ్మకు దగ్గు పట్టుకుంది. పొట్టులో పని మానాలని నెల్లూరులో డాక్టరు చెప్పినా, ఆమె మానలేదు. ఇంకో ఏడాదికి ఊళ్ళోకి కరెంటుతో నడిచే కోత మిషను వచ్చింది. అడితీ మూసేసి గుంట పూడ్చేశారు. నాట్లకు పోదామని అమ్మ మడిలో దిగింది. మొదటి రోజే ఆయాసంతో గట్టున కూలబడింది. ఆ ఎండాకాలం దాటలేదు.

అమ్మను పూడ్చి వచ్చాక నాయన, "నాలుగేళ్ళు ఆ పొట్టంతా దాని మొహాన పోసింది నేనే" అన్నాడు.

అట్లా కాదని చెప్పాను. ఆయన వినలేదు. తర్వాత ఊళ్ళో రైతుల మళ్ళకు నీళ్ళు కట్టి బతికాడు. మిషనులో పనికి రమ్మని రెండుసార్లు కబురొచ్చినా పోలేదు.