చివరి మడికి వెలుతురు

రాయచూరులో నాకు భౌతికశాస్త్ర పరిశోధన నేర్పిన మా మేడం పోయిన మంగళవారం మరణించారని తెలియజేయడానికి విచారిస్తున్నాను. విశ్వవిద్యాలయం ఒక పూట సెలవు మంజూరు చేసింది. సంతాప ప్రకటనలో ఆమె పరిశోధనాంశం ‘వీధి దీపాలు’గా నమోదైంది. సవరణకు దరఖాస్తు పెట్టుకోవచ్చునట.

వాస్తవం ఇది. బంగారు పూత మీద వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నని గాడిలో వెలుతురును నడిపించడం ఆమె పని. అంత ఇరుకులో వెలుతురు ఒంటరిగా పోలేదు. లోహపు అంచుల్లో కదిలే ఎలక్ట్రాన్ల అలతో జతకట్టి పోతుంది. ఆ సహాయానికి ప్రతిఫలంగా లోహం దాన్ని దారిలోనే తాగేస్తుంది.

మేడం వాళ్లది సింధనూరు దగ్గర, కాలువ కొసన చివరి మడి. పైవాళ్లంతా తడుపుకున్నాక మిగిలిందే వాళ్ల నీరు. తన మొదటి గాడిని ఆమె మరీ సన్నగా చెక్కించారట. అది కాలువ కింద పుట్టినవాళ్లు మాత్రమే చేయగల తప్పు. ఏటా కొత్తగా చేరినవాళ్లకు తానే చెప్పి నవ్వేవారు.

“ఇరుకైతే నీళ్లు ఉరుకుతాయి. ఈ వెలుతురు ఇంకిపోద్దమ్మా.”

“బంగారం గట్టు గూడ తాగుతదా మేడం?”

“గట్టన్నాక తాగుద్ది. దానికి పరువేంటి?”

చివరి మడికి నీరు చేరగానే ముందు చూసినవారు గట్టెక్కి “వచ్చిందో” అని కేకవేయాలి, పై మడివాళ్లు బదులు పలకాలి. అది వాళ్ల ఊరి ఆనవాయితీ. మా ప్రయోగశాలలోనూ అదే నియమం అమలులో ఉండేది: గాడి కొసన వెలుతురు కనిపిస్తే మరే పనీ చేయకముందు మేడంకు ఫోన్ చేయాలి. ఆమె ఉండగా ఆ ఫోన్ చేసే అవకాశం ఎవరికీ రాలేదు.

ఆసుపత్రిలో ఆమె నన్ను అడిగింది ఒక్కటే.

“వచ్చిందా?”

“రాలే మేడం. సగంలనే ఆరిపోతుంది.”

అబద్ధం చెప్పే వెసులుబాటు ఆమె ఏ విద్యార్థికీ ఇవ్వలేదు.

“ఆరిందంటే బయల్దేరినట్టేగా. పొడుగు తగ్గించి చూడు.”

తగ్గించిన గాడి ఆమె పోయాక, శుక్రవారం చేతికొచ్చింది. గాడి మొదట్లో దీపం పెట్టాను. మైక్రోస్కోపు తెర మీద, గాడి కొసన ఒక ఎర్రచుక్క కనిపించింది. నియమానుసారం ఆమె నంబరుకు ఫోన్ చేశాను. ఊళ్లో వాళ్ల నాన్నగారు ఎత్తారు.

“మేడం స్టూడెంట్‌ని తాతా. వచ్చింది.”

“కొసదాకానా అమ్మా?”

“కొసదాకా.”

 ఫోన్‌లో చెప్పుల చప్పుడు, గట్టెక్కుతున్న ఆయాసం వినిపించాయి. ఎండాకాలం, కాలువ కట్టేసి ఉంది, చుక్క నీరు లేదు.

“వచ్చిందో” అని ఆయన కేకవేశారు.

బదులు పలకడానికి పై మళ్లలో ఎవరూ లేరు. తెర మీద చుక్క కదలకుండా వెలుగుతోంది.