మొంబాసా రేవులో నేను చూడని సీలు

మొన్న ఇక్కడ గల్ఫ్‌లో, బిర్కత్ అల్ అవామిర్‌లోని మా యార్డుకు టీపొడి కంటైనరు ఒకటి వచ్చింది. కాగితాల మీద బయలుదేరిన రేవు మొంబాసా అని చూసి కాసేపు అట్లాగే నిలబడిపోతే, నాతో డ్యూటీ చేసే జగిత్యాల తమ్ముడు, "ఏంది కాకా, ఆ ఊరి పేరు చూడంగనే గట్లైనవ్? ఆడ మాకు తెల్వని చిన్నమ్మ ఉన్నదా ఏంది?" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

దాదాపు ముప్పై ఐదేళ్ళ కింద నా ఉద్యోగం మొదలైంది ఆ రేవులోనే. సరుకు విడిపించి పంపే ఒక కంపెనీలో పెద్ద గుమాస్తాగా ఉన్న మా మేనమామ నన్ను అక్కడ పెట్టించాడు. ఆఫ్రికా అని ఎంత చెప్పినా మా అత్తమ్మ ఊళ్ళో అందరికీ అల్లుడు దుబాయ్‌లో ఉన్నాడనే చెప్పేది. ఓడల పక్కనే క్రేన్లు, వాటి కిందికే వచ్చే సన్నని రైలు పట్టాలు, శీతల కంటైనర్లకు కరెంటు అందించే ప్లగ్గుల వరస, గేటు బయట కనుచూపు మేరా లారీలు. సముద్రమే లేని ఉగాండా, రువాండా దేశాలకు కావలసినవి చాలావరకు ఆ గేటు దాటే వెళ్ళేవి. రైలు వస్తుందో రాదో తెలియదు కనుక ఎక్కువ సరుకు లారీల మీదే, రోజుల తరబడి ప్రయాణించి సరిహద్దు చేరేది.

లారీ కదిలే ముందు గుమాస్తా కంటైనరు వెనక్కి నడిచి, తలుపుకు వేసిన సీలును చేత్తో పట్టుకుని, దాని మీది నంబరు చదివి గేటు కాగితంలో రాయాలి. ఒక రోజు జోరున వాన. షెడ్డులో టీ తాగుతూ, ఓడ కాగితాల్లోని నంబరునే చూసి రాసేశాను. తనిఖీ కోసం కస్టమ్స్ వాళ్ళు పాత సీలు తీసి కొత్తది వేశారనీ, ఆ సంగతి రాసిన చీటీ నా సొరుగులోనే ఉందనీ, నంబరు కలవలేదని సరిహద్దులో ఆ లారీని ఆపేశాక గానీ గుర్తుకు రాలేదు.

డ్రైవరు నలభై దాటిన మనిషి, ఏళ్ళుగా ఆ దారిలోనే బండి నడిపినవాడు. సరుకు ఒక్క పెట్టె కూడా తగ్గలేదు, అయినా దారిలో సీలు కోశాడన్న అనుమానం మీద లారీ యజమాని అతన్ని తీసేశాడు. ఆ చీటీ చూపిస్తే చాలు, అతని పని నిలబడేది. చూపిస్తానంటే మా మామ, "నువ్వు నోరు తెరిస్తే మనిద్దరం ఇంటికే పోతం. చప్పుడు జెయ్యకు" అన్నాడు. మామను తప్పుపట్టను, ఆయన ఆ మాట అనకపోయినా నేను నోరు తెరిచేవాణ్ణి కాదేమో.

కొన్ని నెలలకు అతను ఫెర్రీ దగ్గర కొబ్బరికాయల తోపుడుబండి నెడుతూ కనిపించాడు. నేను మొహం తిప్పుకునే లోపే, తనకు వచ్చిన కాస్త హిందీలో, "భాయ్, సీలు కోసినోడన్న పేరు పడ్డాక ఎవరూ బండి ఇస్తలేరు. నువ్వు చదువుకున్నోడివి, ఆ నంబరు ఎట్ల మారిందో చెప్పు" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. తెలియదన్నాను. అతను తల ఊపి, ఒక కాయ కొట్టి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. తాగాను కూడా.

ఇప్పుడు ఆ రేవుకు ఓడలు ఆగే కొత్త బెర్తులూ కొత్త రైలు మార్గమూ వచ్చాయట. ఇక్కడ మా గేట్ల దగ్గరైతే లారీ దాటుతుండగానే కెమెరాలు నంబర్లు చదివేస్తాయి, వానలో తడిసే పనీ లేదు, నాలాంటివాడు టీ కప్పు పక్కన కూర్చుని తప్పు రాసే వీలూ లేదు. మంచిదే. మన కాలంలో మనిషి మాట మీద సరుకు దేశాలు దాటేదని మన వయసు వాళ్ళం గొప్పగా చెప్పుకుంటాం. నేనూ చెబుతుంటాను, ఆ మాట నా దగ్గర ఎంత తేలికగా ఆగిపోయిందో చెప్పకుండా. అతను బతికి ఉంటే ఇప్పుడు ఎనభైకి దగ్గరపడి ఉంటాడు. అతని పేరు ఆ గేటు కాగితం మీద నా చేత్తోనే రాశాను. ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.