రెండు తాళాల గది

మా అక్క మొగుడు, అంటే మా బావ, పోర్టులో కళాసీ. కంచరపాలెంలో కాపురం. ఆయన తల్లి పోయినప్పుడు, ఓడ ఉద్యోగంలో ఉన్న ఆమె పెద్దకొడుకు వచ్చేదాకా శవాన్ని ఫిషింగ్ హార్బరు నుంచి తెచ్చిన ఐసు దిమ్మల మీద ఉంచాం. ఇల్లంతా చేపల వాసన.

"మాయమ్మకి పట్టిన గతి ఇంకెవులికీ పట్టకూడదు," అని బావ ఏడ్చాడు.

ఆ ఏడుపులోంచే మా సంఘం పుట్టింది. రైలు పట్టాల పక్కన ఒక గది కట్టి, చందాలతో ఫ్రీజర్ బాక్సు కొన్నాం. ఎవరింట్లో చావు జరిగినా ఉచితంగా పంపేవాళ్లం.

మా పేటలో ఇద్దరు కలిస్తే సంఘం, ముగ్గురు కలిస్తే రెండు సంఘాలు. గడువు తీరగానే సర్వసభ్య సమావేశం పెట్టి కొత్త కార్యవర్గాన్ని ఎన్నుకోవాలని మేమే నియమం రాసుకున్నాం. అధ్యక్షుడైన బావ దాన్ని ఏళ్ల తరబడి దాటవేశాడు. కార్యదర్శి ఆయన ప్రాణస్నేహితుడే. ఒకరోజు అందరి ముందూ అడిగేశాడు.

"ఏటి బావా, ఎలచ్చన్లు ఎట్టవేటి?"

"నాను సచ్చేక ఎట్టుకోండి."

ఆ మాటకి కార్యదర్శి మనసు విరిగింది. సభ్యుల సంతకాలతో తనే సమావేశం పిలిచి, చేతులెత్తించి, కొత్త కార్యవర్గం పేర్లు రిజిస్ట్రారు ఆఫీసులో ఇచ్చాడు. బావ వెళ్లి పాత పేర్లే మళ్లీ ఇచ్చాడు. ఏది అసలుదో కోర్టులో తేల్చుకోమన్నారు. బావ మనుషులు బాక్సు ఎత్తుకుపోతారేమోనని కార్యదర్శి గదికి తాళం వేశాడు. దాని పక్కనే బావ ఇంకోటి బిగించాడు. పేటలో చావులకి మళ్లీ ఐసు దిమ్మలే దిక్కయ్యాయి. ఇద్దరికీ చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. సిగ్గుమాలిన మొండితనం అది. ఇప్పటికీ అదే మాటంటాను.

ఒక మధ్యాహ్నం బావ గుండెపోటుతో పోయాడు. కూతురు హైదరాబాదు నుంచి రావాలి. కబురు వినగానే కార్యదర్శి తన తాళంచెవి పట్టుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

"బావ తాళంసెవి ఏదమ్మా? బేగి ఇయ్యి."

అక్కకి తెలియదు. ఇల్లంతా వెతికాం, దొరకలేదు. బద్దలుకొడదామని నేను లేచాను.

"ఆయనేసిన తాళం ఎవులూ ఇరగ్గొట్టొద్దు. ఇరిగితే ఆయన ఓడిపోయినట్టే," అంది అక్క.

హార్బరు నుంచి ఐసు తెప్పించాం.

మర్నాడు కూతురు వచ్చాక బావకి స్నానం చేయించడానికి బట్టలు విప్పాం. తాళంచెవి ఆయన మొలతాడుకే కట్టి ఉంది. నీళ్లు పోస్తున్న కార్యదర్శి చెంబు వదిలేసి బావ కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"ఇప్పుడెట్టమంటావేటి బావా, ఎలచ్చన్లు?" అన్నాడు.