ఎవరి పొలమని అడిగారు

ఆ ఎండాకాలం వరి కొయ్యకాళ్లకు నిప్పు పెట్టింది నేనే. ఎవరో బీడీ పడేశారని ఊళ్లో అనుకున్నారు. అననీ అని నేను కొన్నాళ్లు ఊరుకున్నాను.

మా ఆయన పోయిన తర్వాత మూడో యాసంగి పంట అది. నా కాపురం కొత్తలో వరి కొడవళ్లతో కోసేవాళ్లం, మోళ్లు జానెడు కూడా మిగిలేవి కావు. ఇప్పుడు కోతమిషన్ వచ్చి మోకాలెత్తు కొయ్యకాళ్లు వదిలేసి పోతుంది. దున్నించాలంటే ట్రాక్టరు కోసం తిరగాలి, అగ్గిపుల్ల అయితే ఒక్కటి చాలు. కాల్చొద్దని పంచాయతీ మైకులో రోజూ చెప్పేవాళ్లు. ఎండలు ముదిరాయి, పగటిపూట బయటికి రావొద్దని కూడా అదే మైకులో చెప్పారు. రెండూ విన్నాను.

ఆయన కాల్చే పద్ధతి వేరు. ముందు మడి చుట్టూ నాలుగు సాళ్లు దున్నించేవాడు. గట్టు తడిపేవాడు. పొద్దు వాలాక, గాలి చూసుకొని ముట్టించేవాడు. ఒక మూలన ఆయన, ఎదురు మూలన నేను వేపకొమ్మలు పట్టుకొని నిలబడేవాళ్లం. ఒక్కదాన్ని అయ్యాక రెండు మూలల్లో ఎట్లా నిలబడతాను? గాలి లేని పొద్దు చూసి, ఎనిమిది గంటలకే ముట్టించాను. పది కొట్టేసరికి మడి నల్లగా చల్లారింది, పొగ కూడా లేదు. బావి దగ్గర చెట్టు కింద సద్ది తిని కునుకు తీశాను.

లేచేసరికి వడగాలి. నా గట్టు మీద ఎండిన ఎరువు కుప్ప ఉంది, నిప్పు దాని కడుపులో దాగి ఉన్నట్టుంది. గాలి దాన్ని రాజేసి పక్క మడి కొయ్యకాళ్లలో పడేసింది. ఆ మడి మా యారాలిది, అంటే ఆయన తమ్ముడి భార్యది. గట్టు పంపకం దగ్గర మాటా మాటా వచ్చి మా ఇద్దరికీ రెండేళ్లుగా మాటల్లేవు. మరిది దుబాయ్‌లో ఉన్నాడు. ఆమె ఆ రోజు చేర్యాలలో చుట్టాల దినాలకు పోయింది. మడికి ఆ చివరన ఆమె కొట్టం, కొట్టంలో కట్టేసిన చూడి బర్రె.

కొమ్మ విరిచి కొట్టాను. ఒకచోట కొడితే రెండుచోట్ల లేచింది. కొంగు అంటుకుంటే చేతులతోనే నలిపాను. నడుమ మంట, చుట్టూ తిరిగి పోదామంటే ముళ్లకంచె. బర్రె అరుస్తోంది. ఆ ఎండకు చేలల్లో మనిషన్నవాడు లేడు.

నాకు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. ఆపదకు ఫోన్‌లో కొట్టే నెంబరు నా బిడ్డ నేర్పింది. కొట్టాను.

"ఫైరింజన్ పంపుండ్రి సారూ, పొలం అంటుకున్నది, కొట్టంల బర్రె ఉన్నది."

అవతల ఒక మగమనిషి ఊరు అడిగాడు, మండలం అడిగాడు. చెప్పాను.

"ఊళ్లెకు వచ్చినంక ఎటు రావాలె? ఎవరి పొలమమ్మా?"

"మా పొలమే సారూ."

"మీరంటే ఎవరు?"

"మా ఇంటాయన పొలం."

"ఆయన పేరు చెప్పు."

పెళ్లయిన రోజు నుంచి ఆయన పేరు నా నోట రాలేదు. మొగుని పేరు పలికితే ఆయుష్షు తగ్గుతదని మా అత్త చెప్పింది. రేషన్ దుకాణంలో పక్కనున్నవాళ్లు చెప్పేవాళ్లు. ఆయన పోయాక పింఛను కాగితానికి అడిగితే కార్డు చేతికిచ్చి తల వంచుకున్నాను. ఇక తగ్గడానికి ఆయుష్షు లేదని తెలుసు, అయినా నాలుక తిరగలేదు.

"చింతచెట్టు దాటినంక ఎడమ దిక్కు సారూ."

"ఊరికి ఎన్ని చింతచెట్లుంటయమ్మా. బండోళ్లు ఎవలనన్న అడుక్కుంట రావాలె గద."

"మా పిల్ల నాయిన పొలమని అడగమను."

"మీ పిల్ల నాయిన ఎవలో వాళ్లకెట్ల ఎరుక?"

చెప్పాను. వినబడలేదన్నాడు. గట్టిగా చెప్పాను. ఇంటిపేరుతో మళ్లీ చెప్పమన్నాడు. ఆ పొగలో ఆయన పేరు మూడుసార్లు అరిచాను. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది. బతికుండగా ఒక్కసారి పిలిస్తే ఎట్లా పలికేవాడో అనిపించింది.

ఊరి మూలమలుపు దగ్గర బండివాళ్లు ఆ పేరే అడిగారట. హోటల్ ముందు కూర్చున్నవాళ్లు దారి చూపించి, కొమ్మలు విరుచుకొని వాళ్లు కూడా వెనకే వచ్చారు. బండి బాట ఇరుకు, ఇంజన్ సగం దూరంలోనే ఆగింది. పైపులు లాక్కుంటూ వచ్చారు. ఒకతను తడిపిన గోనెసంచి నెత్తిన కప్పుకొని, కంచె కోసి లోపలికి పోయి మెడకున్న తలుగు తెంపాడు. బర్రె బయటపడింది. కొట్టమూ గడ్డివామూ కాలిపోయాయి.

పొద్దుగూకే వేళకు యారాలు వచ్చింది. బూడిద చూసింది, నన్ను చూసింది.

"ఎట్ల అంటుకున్నదక్కా?"

రెండేళ్లకు అక్కా అన్నది. "ఎవలో బీడీ ఏసిన్రంటున్నరు" అన్నాను.

బర్రెను కట్టేయడానికి ఆమెకు జాగ లేదు, నా కొట్టంలో కట్టేసింది. మేత నా గడ్డివాము నుంచే వేశాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి చూసుకొని పోయేది. నేను కుడితి పెడితే ఆమె పేడ తీసేది. మాటలు తక్కువ, కానీ ఇంట్లో ఇంకో మనిషి చప్పుడు ఉండేది. బర్రె ఈనిన రోజు ఇద్దరమూ దూడను తుడుస్తుంటే అనేశాను.

"నిప్పు నేనే పెట్టిన చెల్లె."

"నాకెరుకే. ఎరువు కుప్ప నీ గట్టు మీదనే ఉండె" అంది, తల ఎత్తకుండానే. "బావ పేరు గూడ వెట్టి పిలిచినవంట. ఊరంత అదే ముచ్చట. బావ ఉంటే ఉలిక్కిపడి ఉరికొస్తుండె."

ఇద్దరమూ నవ్వాము. తర్వాత నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆమె లేచి దూడకు పాలు పట్టింది.

మర్నాడు స్టీలు గిన్నెలో జున్ను తెచ్చింది. వానలు పడేలోపు కొట్టానికి రేకులు వేసుకొని, బర్రెనూ దూడనూ తోలుకుపోయింది. ఇప్పుడు ఎదురుపడితే పలకరిస్తుంది, ఇంటికి రావాల్సిన పని మాత్రం లేదు. గిన్నె నా దగ్గరే ఉంది. అడగడానికైనా వస్తుందేమోనని ఇవ్వలేదు.